రాతి అడుగున ఉమ్మడి నీరు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని, తార్నాకకు చేరువలో మాణికేశ్వర్ నగర్ అను పేట కలదు. జనుల నోట దానికి మరియొక పేరు వడ్డెర బస్తీ. వడ్డెరలు తరతరములుగా రాయి కొట్టుటలోను, చెరువులు, బావులు త్రవ్వుటలోను ఆరితేరినవారు. తెలుగునాట పాత బావులలో ఎన్నింటి వెనుకనో వారి గడ్డపార, సమ్మెట కలవు. బావి త్రవ్వినవానికి భూమి ఒకే ముద్ద కాదు. మొదట ఎర్రమన్ను వచ్చును. దాని క్రింద పారకు లొంగు మొరము. ఆ దిగువ పారకు లొంగక సమ్మెటకు లొంగు పగుళ్ళ రాయి. అన్నిటికి అడుగున మందు పెట్టి పేల్చిననే గాని కదలని బండ. ఎక్కడ ఊట పడునో, ఎక్కడ నుండి త్రవ్వుట వట్టి శ్రమయో వారికి చేతి అనుభవముచే తెలియును.

ఇదే విషయమును పరికరములతో పరిశీలించు సంస్థయు సమీపముననే, హబ్సిగూడ వద్ద ఉప్పల్ రోడ్డుపై ఉన్నది. అది 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. హైదరాబాదు చుట్టు ప్రక్కల, తెలంగాణము, రాయలసీమలలో అధిక భాగమున భూమి క్రిందనున్నది గ్రానైటు జాతి రాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. విశ్వవిద్యాలయ ప్రాంగణమున నేలను చీల్చుకొని పైకి వచ్చిన గుండ్లు ఆ రాతివే. ఈ రాయి నీరు పీల్చునది కాదు. గ్రానైటు ముక్కను రాత్రియంతయు నీటిలో నానబెట్టి తూచినను బరువులో చెప్పదగిన భేదము కనిపించదు. మరి ఈ దేశమున లక్షలాది బావులకు నీరు ఎక్కడిది?

గ్రానైటులో మూడు ఖనిజములు ముఖ్యమైనవి: పలుగురాయి, ఫెల్‌స్పార్, నల్ల అభ్రకము. వాన నీరు భూమిలోనికి దిగి ఈ రాతిని తాకినప్పుడు ఫెల్‌స్పార్ మెల్లమెల్లగా మట్టిగా మారును. పలుగురాయి చెక్కుచెదరక ఇసుక రేణువులుగా మిగులును. ఈ రెండింటి మిశ్రమమే మనము మొరము అనునది. నల్ల అభ్రకము తీరు వేరు. అది నీరు తగిలినప్పుడు ఉబ్బును. గట్టి రాతి నడుమ ఇరుకున నున్న ఖనిజము ఉబ్బిన యెడల రాయి పగులక తప్పదు. ఈ పగుళ్ళలో ఎక్కువ భాగము నేలకు ఇంచుమించు సమాంతరముగ సాగును. నీరు పై నుండి దిగును గనుక పగుళ్ళును పై భాగముననే దట్టముగ నుండును. లోతునకు పోయిన కొలది పలుచబడును. హైదరాబాదునకు దక్షిణమున సుమారు 35 కిలోమీటర్ల దూరమున మహేశ్వరము వద్ద 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతమును జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞులతో కలిసి అనేక సంవత్సరములు పరిశోధించినది. ఈ ఉమ్మడి కేంద్రము 1999లో ఏర్పడినది. సుమారు 35 మీటర్ల దిగువన నీరిచ్చు పగుళ్ళు అరుదని అక్కడ తేలినది. పెద్ద భ్రంశములు గల చోట్ల లోతున నీరు దొరకుట కలదు గాని, అది మినహాయింపే.

“ఎంత లోతునకు పోయిన అంత నీరు” అను నమ్మకము మన పల్లెలలో పాతుకొని యున్నది. ఇసుక మేటలు గల నదీతీరములలో అది కొంత నిజము కావచ్చును. గ్రానైటు దేశమున అది అప్పులకు దారి.

మొరములో ఎంత నీరు ఉండును?

ఇది తరగతిలో చేసి చూడదగిన చిన్న ప్రయోగము. అడుగున చిన్న రంధ్రము గల డబ్బా నొకదానిని తీసికొని, రంధ్రమునకు బిరడా బిగించి, లోపల గుడ్డముక్క పరచి, డబ్బానిండ ఎండిన మొరము నింపవలెను. కొలపాత్రతో నీరు మెల్లగా పోయుచు, నీరు మొరము అంచు వరకు వచ్చినంతనే ఆపవలెను. పట్టిన నీరెంతయో వ్రాసికొనవలెను. ఇప్పుడు బిరడా తీసి కారిన నీటిని పట్టి కొలిచినచో, పోసినంత తిరిగి రాదని విద్యార్థులు గమనింతురు. మట్టి రేణువులు కొంత నీటిని గట్టిగా పట్టుకొని విడువవు. బావికి చేరునది, మోటారుకు దొరకునది, ఈ కారిన నీరు మాత్రమే. డబ్బాలోని మొరము తవ్వి తీసిన వదులు మొరము గనుక కొంచెము ఉదారముగనే ఇచ్చును. నేలలో అదుముకొని యున్న మొరము, దాని క్రింది పగుళ్ళ రాయి ఇంకను పిసినారులు. మహేశ్వరము ప్రాంతమున నీటిమట్టము ఒక మీటరు దిగినప్పుడు ఒక ఘనపు మీటరు రాతి నుండి లభించు నీరు సగటున 14 లీటర్లు మాత్రమే అని లెక్క తేలినది. నూటికి 1.4 వంతులు అన్నమాట. ఘనపు మీటరు అనగా 1,000 లీటర్ల పాత్ర. అంత పాత్రలో ఒక బిందెడు నీరు!

ఈ ఒక్క అంకెను పట్టుకొని కొంత దూరము పోవుదము. లెక్క ముతకదే గాని దారి తప్పించునది కాదు. ఎకరము అనగా 4,047 చదరపు మీటర్లు. ఎకరము భూమి క్రింద నీటిమట్టము ఒక మీటరు తగ్గినచో లభించునది సుమారు 57,000 లీటర్లు. వరి పంటకు ఒక కారులో నిలువునా 1.2 మీటర్ల నీరు పెట్టుదురనుకొందము. ఎకరమునకు అది సుమారు 48 లక్షల లీటర్లగును. ఇందులో దాదాపు సగము మడిలో నుండి తిరిగి భూమిలోనికే ఇంకిపోవునని మహేశ్వరము పరిశోధనలు చూపినవి. కావున నిజముగ ఖర్చగునది 24 లక్షల లీటర్లు.

ఇక ఆదాయము. అక్కడ ఏటి వర్షము సుమారు 750 మిల్లీమీటర్లు. అందులో పదియవ వంతు భూగర్భమునకు చేరుననుకొన్నచో 75 మిల్లీమీటర్లు. ఎకరమునకు ఇది సుమారు 3 లక్షల లీటర్లు. ఒక సంవత్సరము వర్షము వలన నీటిమట్టము సుమారు 5 మీటర్లు పెరుగుటకు ఇది చాలును. 24ను 3తో భాగించి చూడుడు. బోరు క్రింద వేసిన ఒక ఎకరము యాసంగి వరి, 8 ఎకరముల భూమి సంవత్సరమంతయు సంపాదించిన నీటిని త్రాగివేయును. ఆ రైతుకు ఉన్నది రెండు ఎకరములే అయినచో మిగిలిన ఆరు ఎకరముల నీరు ఎవరిది? ప్రక్క పొలముల వారిది. వారు ఇచ్చినదియు కాదు, ఇతడు దొంగిలించినదియు కాదు. రాతి పగుళ్ళకు పొలము గట్లు తెలియవు, అంతే.

చెరువుకు నీరటి, బావికి ఎవరు?

నీటిని పంచుకొనుట మనవారికి క్రొత్త కాదు. కాకతీయుల కాలమున రామప్ప, పాకాల వంటి చెరువులు వెలసినవి. చెరువు నీటి పంపకమునకు ఊరిలో నీరటి యుండెడివాడు. తూము ఎప్పుడు తెరువవలెనో, ఏ కాలువకు ఎన్ని గడియలు వంతో, నీరు తక్కువైన ఏట ఎవరి మడి తడిపి ఎవరి మడి ఎండగట్టవలెనో అతడే చూచెడివాడు. ఊరివారు పంటలో నుండి అతనికి గింజలు కొలిచెడివారు. ఈ ఏర్పాటులో అన్యాయములు లేకపోలేదు. కాలువ మొదటివానికి, చివరివానికి తగవులు నేటికిని ఉన్నవి. అయినను చెరువు నీరు అందరి కంటికి కనిపించును. మట్టము తగ్గుట, ఎవరు ఎక్కువ పెట్టుకొన్నది, ఏదియు దాచుటకు వీలు కాదు.

బావి నీరు కనిపించదు. దానికి నీరటి లేడు. పూర్వము లేకపోయినను గడచినది. ఏలయన ఎద్దులే నీరటి పని చేసెను. మోట బావికి జత ఎద్దులు, ఒక మనిషి, తోలు బొక్కెన. ఎద్దులు రోజంతయు లాగినను తోడగలిగినది కొంతయే. నీరు లోతునకు పోయిన కొలది తాడు పొడవు పెరిగి, తోడుట మరింత నెమ్మదించెడిది. వేసవిలో బావి అడుగంటినచో మోట ఆగెడిది. విశ్వవిద్యాలయ ప్రాంగణమున మహ్ లఖా బాయి పేరు గల పాత మెట్లబావి నేటికిని నిలిచి యున్నది. బిందె పట్టుకొని మెట్లు దిగి నీరు ముంచుకొనగలిగిన కాలమునకు అది గురుతు.

విద్యుత్తు మోటారు, ఆ పిమ్మట బోరు యంత్రము ఈ పగ్గమును త్రెంచివేసినవి. రోజులలో ఎద్దులు తోడునది మోటారు గంటలలో తోడును. 1970 తరువాతి దశాబ్దములలో బోరు బావులు పల్లెపల్లెకు ప్రాకినవి. మహేశ్వరము వద్ద 53 చదరపు కిలోమీటర్లలోనే 700కు పైగా బోర్లు వాడుకలో నున్నవని పరిశోధకులు లెక్కించిరి. తోడిన నీటిలో అత్యధిక భాగము వరికే పోవుచున్నదనియు, తోడునది ఇంకుదానిని మించినదనియు తేలెను. ఒకని బోరు ఎండినచో వాడు మరి 30 మీటర్లు దింపును. అందువలన ప్రక్కవాని బోరు ఎండును. వాడును దింపును. నీరిచ్చు పొర క్రింద మిగిలినది గట్టి బండయే గనుక ఈ పందెములో ఇద్దరును ఓడిపోవుదురు. గెలుచునది బోరు బండి యజమాని ఒక్కడే. కొబ్బరికాయ అరచేతిలో నిలువబెట్టి నీరు చూచువానికి కూలి దొరకును. రైతుకు మిగులునది వడ్డీ.

లోతునకు పోవుటలో మరియొక చిక్కు కలదు. రాతితో ఎక్కువ కాలము కలిసియున్న నీటిలో ఫ్లోరైడు పెరుగును. ఎముకలను వంచు ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి మనదేశమున తొలి శాస్త్రీయ నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుండి వెలువడినది. నల్గొండ జిల్లా ఆ వ్యాధికి అనేక దశాబ్దములు పేరుమోసినది. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తొలగించు పద్ధతికి ‘నల్గొండ పద్ధతి’ అను పేరు నిలిచిపోవుట ఆ జిల్లాకు దక్కిన విచారకరమైన కీర్తి.

చట్టము మాట

భూమి క్రింది నీరు ఎవరిదను ప్రశ్నకు మన చట్టములో చాల పాత సమాధాన మొకటి ఉన్నది. 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టము ప్రకారము, ఒక నిశ్చితమైన కాలువగా పారక భూమిలో ఇంకియున్న నీటిని, తన హద్దులలో తోడుకొని వాడుకొను హక్కు ఆ భూమి యజమానికి కలదు. ఈ సూత్రము వెనుకటి ఇంగ్లండు న్యాయస్థానముల తీర్పుల నుండి వచ్చినది. ఆ కాలమున భూగర్భ జలముల కదలిక ఎవరికిని సరిగా తెలియదు. విద్యుత్తు మోటారు బావులకు రాని నాటి ఈ సూత్రమును ఉచిత విద్యుత్తు గల కాలమునకు వర్తింపజేసినచో ఏమగునో ఊహింపవచ్చును. భూమి గలవానికే నీరు. అందులోను లోతైన బోరు గలవానికే నీరు. భూమి లేనివానికి బిందెడు నీటిపైనను హక్కు లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లో నీరు, భూమి, చెట్లు—ఈ మూడింటికి కలిపి ఒక చట్టము చేసెను. దీనిని ‘వాల్టా’ అని పిలుతురు. ఈ చట్టము ప్రకారము బావులను నమోదు చేయింపవలెను. క్రొత్త బోరుకు అనుమతి పొందవలెను. ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల, త్రాగునీటికి గాక, అనుమతి లేక బావి త్రవ్వరాదు. నీరు మితిమీరి తోడిన ప్రాంతములను ప్రకటించి అక్కడ క్రొత్త బోర్లను నిలిపివేయవచ్చును. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాతను రెండు రాష్ట్రములలో ఈ చట్టము కొనసాగినది. కాగితముపై ఇది మంచి చట్టమే. కాని రాత్రికి రాత్రి వచ్చి తెల్లవారునప్పటికి బోరు వేసి పోవు బండిని ఏ అధికారి పట్టుకొనగలడు? పట్టుకొన్నను, ఎండుచున్న పైరును చూచుకొనుచున్న రైతుపై దండన విధించుటకు ఎవరికి చేతులు వచ్చును? పైగా ఒక చేత తోడవద్దనుచు మరియొక చేత తోడుటను చవుక చేయు స్థితి వచ్చినది. 2004 మే నెలలో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు మొదలైనది. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా వచ్చినది. అప్పుడు ప్రభుత్వమే ఆటోమేటిక్ స్టార్టర్లను తొలగింపుడని రైతులను కోరవలసి వచ్చెను. విద్యుత్తు ఉన్నంతసేపును మోటారు తానై తిరుగుచుండును గదా! రైతుకు ఉపశమనము అవసరమే. ఆ సంగతి కాదనలేము. అయితే నీటి లెక్క లేని ఉపశమనము బోరులో నుండియే తిరిగి పోవును.

చెరువుల పునరుద్ధరణ కూడ భూగర్భ జలముల విధానములో భాగమే. చెరువు నిండిన ఏట దాని క్రింది బావులు ఊరుట అందరెరిగినదే. తెలంగాణములో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద 46,000కు పైగా చెరువులను పూడిక తీయుటకు గుర్తించిరి. కాని ఇది ఆదాయము పెంచు పని. ఖర్చును ఎవరు అదుపు చేయవలెను అను ప్రశ్నను చెరువు పూడిక తీసివేయజాలదు.

పంచుకొనిన పల్లెలు

ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన స్వచ్ఛంద సంస్థలలో రెండు ఆ కాలమున తార్నాక వీధులలోనే ఉండెడివి. వాటిలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అను సంస్థ 2004 ప్రాంతమున కొన్ని గ్రామములలో నీటి వాడుకకు సాంఘిక కట్టుబాటు అను ప్రయత్నమును ఆరంభించెను. అనంతపురము జిల్లాలోని మదిరేపల్లి అందులో నొకటి. కట్టుబాటు సులభమైనది. ఊరిలో ఇక క్రొత్త బోరు వేయరాదు. బోరు గల రైతు తన నీటిలో కొంత ప్రక్కనున్న బోరు లేని రైతుకు ఇయ్యవలెను. ఇచ్చుటకు నీరు మిగులవలెను గనుక తుంపర సేద్యము, బిందు సేద్యము చేపట్టి, వరిని తగ్గించి ఆరుతడి పంటలు వేయవలెను.

బోరు గలవాడు ఇందుకు ఎందుకు ఒప్పుకొనును? ధర్మబుద్ధి యనుకొన్నచో అది పొరపాటు. లెక్క తెలిసినవాడు గనుక ఒప్పుకొనును. ప్రక్కవానికి నీరు ఇయ్యనిచో, వాడు అప్పు చేసియైనను తన పొలములో బోరు వేయును. అది పడినచో ఇతని బోరు ఎండును. పడనిచో వాడు మునిగిపోవును. వానికి రెండు మూడు తడులు ఇచ్చినచో ఇద్దరి బోరు ఖర్చును తప్పును. ఉన్న బోరు నిలుచును. ఇవతలివాడు తన స్వార్థము కొరకే ఇచ్చుచున్నాడు. అవతలివానికి బ్రతుకుదెరువు దొరకుచున్నది.

రెండవ సంస్థ అయిన వాసన్ ఇదే ఆలోచనను పైపులకెక్కించినది. ఒక ఊరిలోని బోర్లన్నింటిని భూమిలో పాతిన పైపులతో ఒకదానికొకటి కలుపుదురు. పొలము పొలమునకు ఒక తిరుగుడు బిళ్ళ. బోరు గలవారు, లేనివారు కలిసి కాగితముపై ఒప్పందము వ్రాసికొందురు. వానకాలపు పంట పూత దశలో మూడు వారములు చినుకు రాలనప్పుడు, బోరు ఎవరిదైనను నీరు అందరి చేలకు ఒక తడి పారును. దీనిని రక్షక తడి అందురు. వేరుసెనగవంటి పంటకు ఆ ఒక్క తడి కొన్ని ఏండ్లలో పంటకును వట్టి కట్టెకును గల భేదమగును. మన పాత లెక్కకు తిరిగి వత్తము. 50 మిల్లీమీటర్ల తడి యనగా ఎకరమునకు 2 లక్షల లీటర్లు. ఒక ఎకరము యాసంగి వరి ఖర్చు చేయు 24 లక్షల లీటర్లతో 12 ఎకరముల వానకాలపు పైరును ఒకసారి కాపాడవచ్చును. అనంతపురము, మహబూబ్‌నగర్ జిల్లాలలోని కొన్ని పల్లెలలో ఈ ఏర్పాటు ఆచరణలోనికి వచ్చినది.

రైతులు వేసిన పద్దు

ఇంతకంటె పెద్ద ఎత్తున జరిగిన ప్రయత్నమునకు రైతుల భూగర్భ జల నిర్వహణ పథకమని పేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా, నెదర్లాండ్స్ ప్రభుత్వ ధనసహాయముతో 2003 నుండి 2009 వరకు ఇది నడిచినది. నంద్యాలలోని భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ మొదలైన స్వచ్ఛంద సంస్థలు దీనిని పల్లెలలో నడిపినవి. నాటి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో 600కు పైగా పల్లెలు ఇందులో చేరినవి.

ఈ పథకములో డబ్బు పంచలేదు, పంపులు పంచలేదు, ఎవరిని ఏ పంట వేయవద్దని నిషేధింపలేదు. రైతులకు కొలత నేర్పిరి. అదియే దాని విశేషము. రెండు వేలకు పైగా బావులను పరిశీలనకు ఎన్నుకొని, పదునైదు దినముల కొకసారి నీటిమట్టమును రైతులే, అందులో ఎందరో స్త్రీలు, కొలిచిరి. వర్షమాపకములను పల్లెలలోనే పెట్టి, పడిన వానను ఆ రోజుననే చావడి గోడపై వ్రాసిరి. ఊరు హద్దుగా గాక, ఒకే వాగులోనికి నీరు చేరు పల్లెలన్నింటిని ఒక జలవిభాగముగ కట్టి, అన్ని పల్లెల ప్రతినిధులకు ఒక సంఘ మేర్పరచిరి. వడ్లు కొలుచుట వచ్చిన రైతుకు నీరు కొలుచుట ఎంత పని?

బోరు ఇచ్చు నీరు కొలుచు విధము చాల సులభము. 200 లీటర్ల పీపా, ఒక గడియారము ఉన్న చాలును. పీపా నిండుటకు 100 సెకండ్లు పట్టినచో బోరు సెకండుకు 2 లీటర్లు ఇచ్చుచున్నది. గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటల చొప్పున 100 దినములు నడచినచో 50 లక్షల లీటర్లు దాటును. అనగా ఇంచుమించు ఒక ఎకరము వరికి పెట్టు నీరు. ఈ గుణకారము చేసిన నాడు చాలమంది రైతులు తమ బోరును మొదటిసారి ఒక సంచిగా చూచిరి. అంతవరకు అది వారికి ఊటయే.

వానకాలము ముగిసి యాసంగి పంటలు వేయక ముందు, అందరు ఒకచోట చేరి పద్దు వేసెడివారు. ఈ ఏట వాన ఇంత. భూమికి చేరినది ఇంత. త్రాగుటకు, పశువులకు తీసివేయగా మిగిలినది ఇంత. మీలో ఎవరెవరు ఏ పంట, ఎన్ని ఎకరములు వేయదలచితిరి? చెప్పిన పంటలన్నింటికి కావలసిన నీరు ఇంత. రెండు మొత్తములను ప్రక్కప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాసెడివారు. లోటు కనిపించినప్పుడు ఏమి చేయవలెనో సభ తీర్మానింపదు. ఎవరి నిర్ణయము వారిది. అయినను లెక్క చూచిన పిమ్మట వరి ఎకరము తగ్గించి ఆముదమో, పప్పుధాన్యములో, కూరగాయలో వేసినవారు ఉండిరి. ఇరుగుపొరుగు కూడ అదే లెక్కను చూచినారు గదా! ఒకడు ఎక్కువ తోడినచో అందరికి తెలియును. చెరువు నీటికి సహజముగ నున్న ఆ బహిరంగ గుణము బావి నీటికి అంకెల వలన వచ్చినది.

ఫలితమేమి? 2010లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రకారము, జలవిభాగములలో నూటికి 42 చోట్ల యాసంగిలో తోడు నీరు మూడు సంవత్సరములు వరుసగా తగ్గినది. నూటికి 51 చోట్ల ఒక ఏడు తగ్గుచు ఒక ఏడు తగ్గక నడచినది. నూటికి 7 చోట్ల పెరిగినది. ఏ నిర్బంధము లేకుండ, ఏ రుసుము లేకుండ వచ్చిన ఫలితముగ దీనిని ఎంచవలెను. అయితే దీనిని దాటి గొప్ప చేయుట తగదు. తరువాత పరిశీలించిన కొందరు పరిశోధకులు ఈ పల్లెలకును, పథకములో చేరని పల్లెలకును నీటి వాడుకలో భేదము అనుకొన్నంత లేదనిరి. బయటి సహాయము ఆగిన పిమ్మట కొలతలు సన్నగిల్లిన ఊళ్ళు కలవు. పథకము ఇచ్చిన జ్ఞానము మిగిలినది. దానిని నిలుపు వ్యవస్థ అన్నిచోట్ల మిగులలేదు. అదియును గాక, ఒప్పందములో లేని క్రొత్తవాడు భూమి కొని బోరు వేసినచో ఆపు అధికారము రైతుల సంఘమునకు లేదు. ఇక్కడనే చట్టము అవసరము. వాల్టా అధికారము కచేరిలో నున్నది, నీటి లెక్క చావడిలో నున్నది. ఈ రెండును ఒకచోట కలిసిన సందర్భములు అరుదు.

కలియుట అసాధ్యము కాదనుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి కలదు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ సమీపమున వెస్ట్ బేసిన్ అను ప్రాంతమున భూగర్భ జలమును మితిమీరి తోడుటచే సముద్రపు ఉప్పునీరు బావులలోనికి చొరబడినది. తోడువారందరు సమావేశమై, కొలతలు పంచుకొని, ఎవరెంత తోడవలెనో ఒడంబడిక చేసికొని, దానిని న్యాయస్థానముచే స్థిరపరచుకొనిరి. అనగా లెక్క వారిది, ముద్ర ప్రభుత్వముది. ఈ కథను 1965లో తన పరిశోధన గ్రంథముగ వ్రాసిన విద్యార్థిని ఎలినార్ ఆస్ట్రమ్. ఉమ్మడి వనరులను జనులు తామే కాపాడుకొను తీరులపై జీవితమంతయు కృషి చేసి 2009లో ఆమె ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినది. అక్కడ తోడువారిలో నీటి కంపెనీలు, కర్మాగారములు ఎక్కువ. సంఖ్య కొన్ని వందలు. మన దగ్గర ఒక్క మండలములోనే వేల బోర్లు, అంతకు మించి చిన్న కమతములు. కావున ఆ ఏర్పాటును ఉన్నదున్నట్లు తెచ్చి నాటుట కుదరదు. వాగు వాగునకు రైతు సంఘము కొలిచిన లెక్కకు చట్టము ముద్ర వేయుట, క్రొత్త బోరు అనుమతికి ఆ సంఘము సమ్మతి కావలెననుట మన పరిస్థితికి తగిన అడుగు కావచ్చును.

పాఠశాలలో చేయదగిన పని

ఉన్నత పాఠశాలలో ఈ కొలతలన్నింటిని ఖర్చు లేకుండ చేయింపవచ్చును. నిలువు గోడలు గల డబ్బాను ఆరుబయట చెట్లకు, గోడలకు దూరముగ నుంచి, ప్రతి దినము ఉదయము ఒకే సమయమున అందలి నీటి లోతును స్కేలుతో కొలిచిన, అది ఆ దినపు వర్షము. పాఠశాల కప్పు వైశాల్యము 100 చదరపు మీటర్లైనచో 750 మిల్లీమీటర్ల వాన వలన దానిపై పడునది 75,000 లీటర్లు. చిందినది, ఆవిరియైనది పోగా 60,000 లీటర్లు ఇంకుడు గుంతకు పంపవచ్చును. మాణికేశ్వర్ నగర్ వంటి ఇరుకు పేటలలో ఇంకుడు గుంతకు చోటు ఎక్కడ అని విద్యార్థులు అడుగుదురు. అది సరియైన ప్రశ్న. పాఠశాల ఆవరణ, దేవాలయము, ఉద్యానవనము వంటి ఉమ్మడి స్థలములను పటములో గుర్తించుట వారికి మంచి పని.

ఊరిలో వాడుకలో నున్న రెండు మూడు దిగుడు బావులను ఎన్నుకొని, పెద్దల సమక్షమున, గట్టునకు దూరముగ నిలిచి, బరువు కట్టిన ముడుల తాడుతో నీటిమట్టమును పదునైదు దినముల కొకసారి కొలువవలెను. కొలుచు చోటును గట్టుపై రంగుతో గుర్తుపెట్టవలెను. లేనిచో ప్రతిసారి కొలత మారును. గళ్ళ కాగితముపై వర్షమును పై నుండి క్రిందికి గీతలుగను, నీటిమట్టమును దాని దిగువ వంకర రేఖగను గీసినచో, వాన పడిన ఎన్ని దినములకు బావి ఊరినదో స్పష్టముగ తెలియును. మోటారు నడుచుచుండగా తీసికొన్న కొలత పనికిరాదు. తెల్లవారుజామున, రాత్రియంతయు బావి విశ్రమించిన పిమ్మట కొలుచుట మేలు. ఇరువదినాలుగు గంటలు మోటారు ఆగని ఊరిలో ముందురోజే రైతుతో మాటాడి ఆ రాత్రికి స్టార్టరును కట్టించుకొనవలెను.